‘సూచన’ అనే మాటను సరైన చోట వాడటం ఎలా?

పదో తరగతి ప్రశ్నపత్రం పైభాగంలో ‘సూచనలు’ అని ఉంటుంది. వాటిని పాటించకపోతే మార్కులు పోతాయి. సాయంత్రం వార్తల్లో కోస్తా జిల్లాలకు ‘వర్షసూచన’ ఉందంటారు. మరునాటి పత్రికలో ‘మంత్రి అధికారులకు సూచించారు’ అని చదువుతాం. ఆ అధికారులకు అది ఆదేశమేనని చదివేవారందరికీ తెలుసు. ఇంగ్లీషు పత్రాలను తెలుగు చేయడం నా నిత్యకృత్యం కాబట్టి, ‘సజెషన్’ అనే మాట కంటపడగానే వేళ్లు వాటంతట అవే ‘సూచన’ అని కొట్టేయడం నాకు బాగా తెలుసు. చాలాసార్లు అది సరిపోతుంది, కొన్నిసార్లు మాత్రం చదివేవారిని పూర్తిగా పక్కదారి పట్టిస్తుంది. ఆ కొన్నిసార్లను ముందే గుర్తుపట్టడానికి నేను అనుసరించే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట మాట మూలాన్ని ఒకసారి తలచుకోండి

సంస్కృతంలో ‘సూచి’ అంటే సూది. ‘సూచ్’ ధాతువుకు చూపించడం, తెలియజేయడం అని అర్థం. సూచిక, సూచీ, సూచకం అన్నీ ఈ కుటుంబంలోని మాటలే. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే పిల్లలు ‘సూచీ’ హస్తం పట్టేటప్పుడు చూపుడువేలును నిటారుగా చాచి, మిగిలిన వేళ్లను ముడుస్తారు. ఆ వేలు ఒక దిక్కును చూపుతుందే తప్ప ఎవరినీ చేయి పట్టుకుని లాగదు. ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ క్రియకు అర్థం ‘కింది నుంచి అందించడం’. నాటకంలో తెర పక్కన నిలబడి, మరచిపోయిన నటుడికి మాట అందించే మనిషిని ఊహించుకుంటే ఆ భావం చప్పున తెలుస్తుంది. ఒకటి చూపుతుంది, ఇంకొకటి అందిస్తుంది. రెండింటిలోనూ బలవంతం లేదు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే తరువాతి అడుగులన్నీ తేలికవుతాయి.

సూచిస్తున్నది మనిషా, లక్షణమా అని చూడండి

తెలుగులో ‘సూచించు’ అనే క్రియ రెండు పనులు చేస్తుంది. మనిషి ఇలా చేస్తే బాగుంటుందని సూచిస్తాడు. ఎరుపు రంగు ప్రమాదాన్ని సూచిస్తుంది. మొదటిది అభిప్రాయం, రెండోది గుర్తు. ఈ రెండూ కలిసిపోయే చోట ఎంత ఆందోళన పుడుతుందో మా ఇంట్లోనే చూశాను. మా పిన్ని స్కానింగు రిపోర్టులో ‘సజెస్టివ్ ఆఫ్’ అంటూ ఒక జబ్బు పేరు, చివర ‘క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్’ అనే వాక్యం ఉన్నాయి. ఆ జబ్బు ఖాయమైపోయిందని, ఏదో చికిత్స చేయించుకోమని కూడా రాశారని ఇంటిల్లిపాదీ అనుకుని ఆ రాత్రంతా ఎవరమూ నిద్రపోలేదు. నిజానికి మొదటి వాక్యానికి అర్థం ‘ఈ ఛాయలను బట్టి ఫలానా జబ్బు అయి ఉండవచ్చు’ అని మాత్రమే. రెండోది ‘రోగిని స్వయంగా పరీక్షించి, ఈ ఫలితాన్ని లక్షణాలతో పోల్చి చూసుకోవాలి’ అని చికిత్స చేసే వైద్యుడికి స్కానింగు నిపుణుడు చెప్పే మాట. అందుచేత ఇలాంటి చోట ‘సూచిస్తోంది’ అని ఊరుకోకుండా ‘అయి ఉండవచ్చని సూచిస్తోంది, నిర్ధారణ కాలేదు’ అని విడమరచి రాయడం మంచిది. ‘నిర్ధారణ’ అనే మాటను మాత్రం పరీక్షతో తేలినప్పుడే వాడాలి.

వాతావరణ వార్తలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. వాన పడే అవకాశాన్ని చెప్పేది వర్షసూచన. జాగ్రత్త పడాల్సిన పరిస్థితి వచ్చిందని చెప్పేది హెచ్చరిక. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం ఓడరేవుల్లో ఎగరవేసే ఒకటో నంబరు, మూడో నంబరు గుర్తులను మన పత్రికలు ‘ప్రమాద హెచ్చరికలు’ అనడం సబబైన పని. వాటిని సూచనలని రాస్తే, వేటకు బయలుదేరే మత్స్యకారుడికి వెళ్లాలా వద్దా అనేది తన ఇష్టమన్న భావన కలగవచ్చు.

నిర్ణయం ఎవరి చేతిలో ఉందో అడగండి

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదేనని నా నమ్మకం. చెప్పినవారి మాటను పక్కన పెట్టినా వినేవారికి నష్టం, శిక్ష లేనప్పుడే అది నిజమైన సూచన. పక్కన పెట్టే వీలు లేనప్పుడు అది నిబంధనో, ఆదేశమో, ఉత్తర్వో అవుతుంది. ఆ పేరుతోనే దాన్ని పిలవాలి. అపార్ట్‌మెంటు గేటుకు ‘బయటి వాహనాలను లోపల నిలపరాదని సూచన’ అన్న బోర్డు తగిలించి, నిలిపినవారి దగ్గర జరిమానా వసూలు చేస్తే గొడవ రాక తప్పదు, ఎందుకంటే బోర్డు ఒకటి చెప్పింది, కాపలాదారు మరొకటి చేశాడు. అక్కడ ‘నిబంధన’ అని రాస్తే చాలు. ప్రశ్నపత్రం మీది ‘సూచనలు’ మాత్రం తరతరాలుగా స్థిరపడిపోయిన వాడుక. దాన్ని మార్చమని నేను అనను, కానీ కొత్తగా రాసే పత్రాల్లో ‘పాటించవలసిన నియమాలు’ అంటే స్పష్టంగా ఉంటుంది.

దగ్గరి మాటల మధ్య తేడా కూడా ఈ ప్రశ్నతోనే తేలుతుంది. సలహా చాలావరకు అడిగినవారికి ఇచ్చేది. అడగనప్పుడు ఇస్తే దానికి ‘ఉచిత సలహా’ అని పేరు పడుతుంది. సూచనను ఎవరూ అడగకపోయినా చేయవచ్చు, దానికి ఆ మర్యాద ఉంది. ఒక సంఘమో సభో చర్చించి అవునో కాదో తేల్చవలసినది ప్రతిపాదన. వయసు వల్లనో అనుభవం వల్లనో చనువున్న పెద్దలు చెప్పేది హితవు. ఇవన్నీ ఇంగ్లీషులో ఒక్కోసారి ‘సజెషన్’ అనే ఒకే గొడుగు కిందికి వస్తాయి, మనకు మాత్రం దేనికి తగిన మాట దానికి ఉంది.

ఇంకొక చిన్న తేడాను నా పనిలో గమనించాను. ‘సూచన చేశారు’ అంటే ఒక ఆలోచనను ముందుంచారన్న భావం వస్తుంది. ‘సూచనలు ఇచ్చారు’ అంటే ఏం చేయాలో చెప్పారన్న భావం వస్తుంది. ‘వైద్యుడు ఇచ్చిన సూచనలు’ అన్నప్పుడు మందులు ఎప్పుడు వేసుకోవాలో గుర్తుకు రావడం ఇందువల్లనే. ఇక ‘సూచనప్రాయంగా అంగీకరించారు’ అనే పత్రికల వాడుకకు అర్థం వేరు: ఒప్పుకున్నట్టు కనబడ్డారు గానీ, మాట ఇంకా ఖరారు కాలేదు.

క్రియను జాగ్రత్తగా ఎంచుకోండి

తెలుగులో సూచన నామవాచకంలో కంటే క్రియ చివర ఎక్కువగా ఉంటుంది. ‘ఒక సూచన చేస్తున్నాను’ అని మొదలుపెట్టి ‘మీరు వైద్యుణ్ణి కలవాలి’ అని ముగిస్తే, ఆ ‘వాలి’ మొత్తాన్ని ఆజ్ఞగా మార్చేస్తుంది. ‘కలిస్తే బాగుంటుంది’, ‘ఒకసారి కలిసి చూడండి’, ‘కలవవచ్చు’ అన్నవి వినేవారికి చోటు విడిచే రూపాలు. కలిసి చేసే పని అయితే ‘వెళ్దామా?’ అన్న ప్రశ్న చాలు. ‘సంప్రదించగలరు’, ‘గమనించగలరు’ అనేవి కార్యాలయ పత్రాల్లో మర్యాదతో చేసే విన్నపాలు. ఇంట్లో అలా మాట్లాడితే ఎవరో పరాయివారు మాట్లాడినట్టు ఉంటుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది వ్యతిరేక రూపంతో చేసే సూచన. ‘ఒకసారి డాక్టరుకు చూపించుకోకూడదూ?’ అని అక్క తమ్ముడితో అంటుంది. తెలంగాణలో అదే మాట ‘జర దవాఖానకు పోయి చూపించుకోరాదు’ అని వినిపిస్తుంది. రూపంలో నిషేధం, భావంలో ప్రేమ. రాతలో మాత్రం ఇదే ‘రాదు’, ‘కూడదు’ గట్టి నిషేధాలు: ‘అనుమతి లేనిదే లోపలికి ప్రవేశించరాదు’. స్వరం వినబడని కాగితం మీద ఈ రూపాన్ని సూచనగా వాడితే అర్థం తలకిందులవుతుంది. ఇంటి మాటను కరపత్రంలోకో కథనంలోకో ఎక్కించేటప్పుడు చివరి దీర్ఘాన్నీ, ప్రశ్నార్థకాన్నీ వదలకుండా ఉంచండి. వీలు కాకపోతే ‘చూపించుకుంటే మంచిది’ అని మార్చండి.

అధికారులకు సూచన రాసేటప్పుడు ఇలా రాయండి

ప్రభుత్వ ముసాయిదా ప్రకటనల చివర ‘అభ్యంతరాలు, సూచనలు’ అనే జంట మాట కనిపిస్తుంది. ఇవి రెండూ ఒకటి కావు. అభ్యంతరం ‘ఇది వద్దు’ అంటుంది, సూచన ‘దీనికి బదులు ఇది చేయండి’ అంటుంది. ఈ అవకాశాన్ని తేలికగా తీసుకోకూడదు. తెలంగాణలో 2016 ఆగస్టు 22న వెలువడిన జిల్లాల ముసాయిదాలో 27 జిల్లాలు ఉన్నాయి. ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు, వాటితోపాటు ఆందోళనలు కూడా వచ్చాక అక్టోబరు 11న ఏర్పడినవి 31. జనగామ, సిరిసిల్ల, గద్వాల అలా తరువాత చేరినవే. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2022 జనవరిలో ముసాయిదా ఇచ్చి, నెల రోజుల గడువుతో అభిప్రాయాలు తీసుకున్నాకే ఏప్రిల్ 4న 26 జిల్లాలు అమలులోకి వచ్చాయి.

‘మా ఊరికి బస్సు సౌకర్యం మెరుగుపరచాలని సూచిస్తున్నాము’ అనే వాక్యం ఎన్నిసార్లు రాసినా కదలిక తేదు, ఎందుకంటే దాన్ని చదివిన డిపో మేనేజరుకు ఏం చేయాలో తెలియదు. దాని బదులు ఇలా రాయవచ్చు: ‘ఉదయం 8.40కి మా ఊరి స్టేజీకి వచ్చే బస్సును 8.10కి మార్చితే, 9 గంటలకు మొదలయ్యే కళాశాలకు మా పిల్లలు సమయానికి చేరుకోగలుగుతారు. ఆ వేళలో ఎక్కేవారిలో ఎక్కువమంది విద్యార్థులే. ఈ మార్పును ముందుగా ఒక నెలపాటు అమలు చేసి చూడవచ్చునని మా సూచన.’ ఇప్పుడు ఏది, ఎప్పటి నుంచి ఎప్పటికి, ఎవరి కోసం అన్నవన్నీ తెలిశాయి. ప్రయోగంగా చేసి చూడమనడంతో అధికారికి వెసులుబాటు కూడా దొరికింది. ఒక కాగితంలో ఒక సూచనే ఉంచి, ముసాయిదాలోని క్రమసంఖ్యను పేర్కొని, గడువు లోపల ఇచ్చి, అందినట్లు నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి.

మాట అందించే సూచనలను విడిగా గుర్తించండి

నేను చెప్పిన కొలతకు లొంగని సూచనలు కూడా ఉన్నాయి. న్యాయస్థానంలో సాక్షి నోటికి జవాబు అందించే ప్రశ్నను సూచక ప్రశ్న అంటారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 146వ సెక్షన్ దీని గురించే చెబుతుంది. ‘ఆ రాత్రి మీరు అతన్ని బావి దగ్గర చూశారు కదా?’ అని న్యాయవాది తన సాక్షినే అడిగితే ఎదుటి న్యాయవాది అభ్యంతరం చెప్పవచ్చు. ఎదుటి పక్షం సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అలా అడగవచ్చు. ఆ క్రాస్‌లోనే న్యాయవాది తన పక్షం వాదాన్ని సాక్షి ముందుంచడాన్ని మన కోర్టుల్లో ‘సజెషన్ వేయడం’ అంటారు. వాంగ్మూలం చివర కనిపించే ‘నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు’ అనే వాక్యం ఆ సజెషన్‌కు సాక్షి ఇచ్చిన జవాబే. దీన్ని తెలుగు చేసేటప్పుడు ‘సూచన’ అని రాస్తే, న్యాయవాది సాక్షికి ఏదో సలహా చెప్పాడనిపిస్తుంది. ‘న్యాయవాది ఫలానా విధంగా జరిగిందని అనగా, సాక్షి కాదన్నాడు’ అని రాస్తే సరిగ్గా అందుతుంది.

మనోవైద్యంలో హిప్నాసిస్‌కు సంబంధించిన సూచన కూడా ఇలాంటిదే. అక్కడ మాట ఆలోచనను దాటి మనసులో నాటుకోవాలన్నదే ఉద్దేశం. ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్ కూయే ప్రచారం చేసిన, మనిషి తనకు తానే చెప్పుకునే ఆటో సజెషన్‌ను మనవాళ్లు స్వయంసూచన అంటారు, ఆ మాట బాగానే కుదిరింది.

చెప్పకుండా చెప్పినదానికి ‘ధ్వని’ని వాడండి

కవిత్వం గురించి, మాటతీరు గురించి రాసేటప్పుడు ‘సజెషన్’కు సూచన సరిపోదు. 9వ శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ఈ భావాన్నే ‘ధ్వని’ పేరుతో కావ్యానికి ఆత్మగా నిలిపాడు. ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసిన పండితులు చూపే ఒక ఉదాహరణ నేటికీ కొత్తగా అనిపిస్తుంది: ‘సూర్యుడు అస్తమించాడు’. పశువుల కాపరికి అది ‘మందను ఇంటికి తోలు’ అని, నిష్ఠాపరుడికి ‘సంధ్య వార్చే వేళయింది’ అని, ప్రియుడి కోసం చూసే నాయికకు ‘అతను ఇక వచ్చేస్తాడు’ అని వినబడుతుంది. మాట ఒకటే, వినేవారిని బట్టి అర్థం వికసిస్తుంది.

శాస్త్రంలో ఈ అర్థానికి ‘వ్యంగ్యం’ అని పేరు. కానీ నేటి తెలుగులో వ్యంగ్యమంటే ఎగతాళి అనే అర్థం స్థిరపడింది కాబట్టి, సాధారణ పాఠకులకు రాసేటప్పుడు ఆ మాటను వాడకండి. ‘ధ్వని’, ‘స్ఫురణ’ రెండూ సజీవంగా ఉన్నాయి. ‘రాజీనామా చేస్తానని ధ్వనించేలా మాట్లాడారు’ అన్న పత్రికా వాక్యంలో ఆ ప్రాచీనమైన మాట ఇవాళ్టి పని చక్కగా చేస్తోంది. చూపుతో చేసిన సూచన అయితే ‘కనుసన్న’ ఉంది, చేతితో చేసినదైతే ‘సైగ’ ఉంది. నొప్పించాలని చాటుగా అన్న మాటను మాత్రం సూచన అని రాయవద్దు, అది ‘ఎత్తిపొడుపు’.