మతేరా వెళ్తున్నారా? ముందు చెప్పుల సంగతి చూసుకోండి

రోమ్, వెనిస్ చూసేసినవాళ్లు ఈ మధ్య దక్షిణ ఇటలీలోని మతేరా గురించి అడుగుతున్నారు. తప్పక చూడాల్సిన ఊరే. అక్కడి ‘సాస్సి’ పేటలంటే సున్నపురాయి కొండను తొలిచి అంచెలంచెలుగా కట్టిన గుహల ఇళ్లు. ఒకరి ఇంటి కప్పే పైనున్నవాళ్లకు వీధి. పశువులతో కలిసి ఒకే గుహలో కాపురముంటున్న జనాన్ని, పదిహేను వేలకు పైగానే, 1952 నాటి చట్టంతో కొత్త ఇళ్లకు తరలించారు. అదే చోటు 1993లో యునెస్కో జాబితాకెక్కింది. 2019లో యూరప్ సాంస్కృతిక రాజధాని కూడా అయింది.

కానీ పిల్లల సెలవులని జులై, ఆగస్టుల్లో బయల్దేరేవాళ్లు కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి. రోహిణి కార్తె చూసినవాళ్లం, ఇటలీ ఎండ మనల్నేం చేస్తుందనుకుంటాం. సాస్సిలో చెట్టు నీడ దొరకదు, చెయ్యెత్తితే ఆగే ఆటో ఉండదు. పైనుంచి కాసే ఎండకు తెల్లరాయి సెగ తోడవుతుంది. అందుకే తిరుగుడంతా పొద్దున్న పదకొండులోపు, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత పెట్టుకోండి. మధ్యాహ్నం చాలా దుకాణాలు ఎలాగూ మూసేస్తారు. ఆ వేళకు విత్తోరియో వేనెతో కూడలి కింద ఉన్న పాలొంబారో లుంగో చూడటం మంచిది. కొండలో తొలిచిన పెద్ద నీటి తొట్టి అది. దాదాపు 50 లక్షల లీటర్లు పట్టేదట. లోపల చల్లగా ఉంటుంది.

ఎండకన్నా నాకు మెట్లే ఎక్కువ భయం. వందల ఏళ్లుగా జనం నడిచి అరిగిన రాయి అద్దంలా నున్నగా ఉంటుంది. నాలుగు చినుకులు పడితే చాలు, సబ్బు రాసినట్టే. హవాయి చెప్పులు, తోలు అట్టల చెప్పులు వద్దు. పట్టున్న బూట్లు వేసుకోండి, అవీ కొత్తవి కాకుండా నెల రోజులు నడిచి అలవాటైనవి. ఇంకో మాట, ఫోన్‌లో మ్యాప్ ‘రెండు వందల మీటర్లు’ అంటే నమ్మకండి. నేనలాగే నమ్మి, చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ గుహ గదికి దిగాను. మూడో మలుపులో ఒక చక్రం ఊడి, నాకన్నా ముందు గడగడా కిందికి వెళ్లిపోయింది. మిగతా దారంతా పెట్టె నెత్తినే. వీపుకు తగిలించుకునే సంచీ ఒకటి చాలు.

అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే, మోకాళ్ల నొప్పులుంటే, గది సాస్సిలో తీసుకోవద్దు. పైనున్న చదును ప్రాంతంలో తీసుకోండి. గుహలో పడుకోవాలన్న సరదా ఒక్క రాత్రితో తీరుతుంది, మెట్లు మాత్రం ప్రతిపూటా ఎక్కాల్సిందే.

వాన సూచన ఉంటే దిగువ వీధుల్లోకి వెళ్లకండి. అక్కడి పెద్ద దారులు ఒకప్పటి వాగుల మీద వేసినవి, నీళ్లకు తమ పాత దారి గుర్తుంటుంది. 2019 నవంబరు వానకు ఆ వీధులు ఏరులై పారాయి.

జులై 2న ఊరిని కాచే మేరీమాత పేరిట బ్రూనా పండగ. కాగితపు గుజ్జుతో చేసిన పెద్ద రథాన్ని ఊరంతా ఊరేగించి, రాత్రి కూడలిలో జనమే మీదపడి ముక్కలు చేస్తారు. ఓ ముక్క ఇంటికి తెచ్చుకుంటే శుభమని నమ్మకం. చూడండి, కానీ దూరం నుంచి. పిల్లల్ని భుజాన ఎత్తుకుని రథం దగ్గరికి పోవద్దు. ఆ తోపులాట ఊరి కుర్రాళ్లకే అలవాటు.

కారు అద్దెకు తీసుకుంటే మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి. పాతపేట చుట్టూ బయటి కార్లకు ప్రవేశం లేని హద్దులున్నాయి, కెమెరాలు నంబరు పట్టేస్తాయి. జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికొస్తుంది. దగ్గర్లోని బారీ నగరం నుంచి చిన్న రైల్లో రావడం నయం. కాకపోతే ఆ రైలు ఆల్తమూరా దగ్గర రెండుగా విడిపోతుంటుంది. మీరెక్కిన పెట్టె మతేరాకేనా అని ఎక్కేటప్పుడే అడగండి. ఆదివారం ప్రయాణమైతే రైలుందో, బస్సో ముందే చూసుకోండి.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్త. ‘మాంసం లేదు’ అంటే చేప కూడా లేదని అర్థం కాదు. ఆకుకూరతో చేసే ఓరెకియెత్తె పాస్తాలో అచ్చూగె అనే చిన్న చేపలు కరిగిపోయి ఉంటాయి, కంటికి కనబడవు. ‘సెన్‌త్సా కార్నే, సెన్‌త్సా పేషె’ అని రెండూ చెప్పండి. పెకొరీనో లాంటి చీజుల్లో దూడ, గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన తోడు వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లు అదీ వద్దనాలి. ధైర్యంగా తినదగ్గది ఫావె ఎ చికోరియా. ఎండు చిక్కుడు పప్పును మెత్తగా ఎనిపి, పక్కన చేదు ఆకుకూర పెడతారు. పప్పన్నం మీద బెంగ కొంత తీరుతుంది. పైన క్రుస్కో అని నూనెలో వేయించిన ఎర్రటి ఎండు మిరప వేస్తారు. చల్ల మిరపకాయే అనుకుని నేను భయంభయంగా కొరికాను. కరకరలాడింది గానీ కారం చుక్క లేదు, తియ్యగా ఉంది. కారం పొడి మీ సంచీలోదే.

ఊరి గోధుమ రవ్వ రొట్టె కిలో బరువుంటుంది, పైన గట్టి పెంకు. వారం దాకా పాడవదు. ఊరు వదిలే రోజు పొద్దున్నే ఒకటి కొనుక్కోండి, కోసి ఇమ్మనకండి.