ఫ్రీ జాజ్ రికార్డులు: వినికిడి ముందు, కొనుగోలు తర్వాత

కచేరీలో విద్వాంసుడు కల్యాణిని గంటసేపు విస్తరించి పాడినా, ఆ మనోధర్మం వెనుక రాగలక్షణం, తాళం అనే రెండు ఆధారాలు నిలబడి ఉంటాయి. ఆ కచేరీని ఎవరూ రికార్డు చేయకపోయినా కల్యాణి మిగులుతుంది, పాడిన కీర్తనా మిగులుతుంది. 1960 ప్రాంతంలో అమెరికాలో రూపు కట్టి, ఆ దశాబ్దం ముగిసేలోగా లండన్, బెర్లిన్, ఆమ్‌స్టర్‌డామ్ నగరాల్లో తలో దారి పట్టిన ఫ్రీ జాజ్, ఫ్రీ ఇంప్రొవైజేషన్ (ముందే కట్టుకున్న కట్టుబాట్లను వీలైనంత వదిలి అప్పటికప్పుడు వాయించే) సంగీతాలకు ఆ వెసులుబాటు తక్కువ. ఆ రోజు ఆ గదిలో కూర్చున్నవారు ఒకరినొకరు వింటూ పుట్టించిన ధ్వనికి చాలాసార్లు రికార్డే మూలప్రతి, రికార్డే ఏకైక ప్రతి. అందువల్ల ఏ టేకు (ఒకే కృతిని రికార్డు చేసిన వాయింపుల్లో ఏది), ఏ ముద్రణ, ఏ స్థితిలో ఉన్న ప్రతి అన్న ప్రశ్నలు ఇక్కడ సంగీతానికి సంబంధించిన ప్రశ్నలే అవుతాయి.

డబ్బు తీయడానికి ముందు కనీసం ఒక నెల వినికిడికే కేటాయించడం మంచిది. ఈ రికార్డుల్లో పేరున్నవి చాలావరకు ఇంటర్నెట్‌లో వినడానికి దొరుకుతాయి కాబట్టి, చెవికి ఎక్కని రికార్డును పేరు చూసి కొనవలసిన అవసరం లేదు.

మొదటి మెట్టుగా శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ 1959లో అట్లాంటిక్ అనే రికార్డు సంస్థకు రికార్డు చేసిన 'లోన్లీ ఉమన్' వినాలి. ఇందులో పియానో లేదు. కోల్‌మన్ ఆల్టో శాక్సఫోన్, డాన్ చెర్రీ కార్నెట్ (ట్రంపెట్ వంటి చిన్న బాకా), చార్లీ హేడెన్ బాస్, బిల్లీ హిగ్గిన్స్ డ్రమ్స్ మాత్రమే ఉంటాయి. డ్రమ్స్ పరుగుమీద ఉండగా పైన శాక్సఫోన్, కార్నెట్ కలిసి విలంబంలో ఒక దుఃఖగీతాన్ని లాగుతూ ఉంటాయి. రెండు నడకలు ఒకదానికొకటి లొంగకుండా పక్కపక్కనే సాగడం ఇక్కడ గమనించవలసిన విషయం. తాళం వేయడానికి అలవాటుపడిన చెయ్యి మొదట్లో తడబడుతుంది. అప్పుడు తాళం మానేసి బాస్ ఒక్కదాన్నే పట్టుకుని చివరిదాకా వినండి. రెండోసారికి మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

రెండో మెట్టు కోల్‌మన్‌దే, 1960 డిసెంబరు 21న న్యూయార్కులో రికార్డయిన 'ఫ్రీ జాజ్'. దాదాపు 37 నిమిషాల ఒకే వాయింపును ఎల్పీలో రెండు వైపులకూ విడగొట్టవలసి వచ్చింది. వాయించింది రెండు నలుగురి బృందాలు. స్టీరియోలో ఎడమవైపు కోల్‌మన్, చెర్రీ, స్కాట్ లఫారో, హిగ్గిన్స్; కుడివైపు ఎరిక్ డాల్ఫీ, ఫ్రెడ్డీ హబ్బర్డ్, హేడెన్, ఎడ్ బ్లాక్‌వెల్ ఉంటారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ముందు ఎడమ చెవితో మాత్రమే మొత్తం వినండి, మర్నాడు కుడి చెవితో వినండి, మూడోనాడు రెండింటితోనూ వినండి. మొదటి రోజు గోలగా తోచిన చోట మూడోనాటికి ఎవరు ఎవరికి జవాబిస్తున్నారో తెలిసిపోతుంది. ఈ కిటుకు రెండు చెవులకూ ఒకే ధ్వని వినిపించే మోనో ప్రతిలో పనిచేయదు. కాబట్టి పాత అట్లాంటిక్ ప్రతి కొనేటప్పుడు కేటలాగు అంకెకు ముందు 'ఎస్‌డీ' అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. అది స్టీరియో గుర్తు. జాజ్ సేకర్తలు సాధారణంగా మోనోకే ఎక్కువ విలువ కడతారు గాని, ఈ ఒక్క రికార్డు విషయంలో ఆ మాట వినకపోవడమే మేలని నా అభిప్రాయం.

శాక్సఫోన్ వాద్యకారుడు ఆల్బర్ట్ ఐలర్ 1964 జులైలో ఈఎస్‌పీ-డిస్క్ సంస్థకు చేసిన 'స్పిరిచువల్ యూనిటీ'లో 'గోస్ట్స్' అనే బాణీ రెండుసార్లు వస్తుంది, రికార్డు మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. బాణీ పసిపిల్లల పాటంత సులువు. దాన్ని ముందు నోటితో కూనిరాగం తీయగలిగేదాకా వినాలి. ఆ తర్వాత రెండు రూపాలనూ వెంటవెంటనే పెట్టుకుంటే, శాక్సఫోన్ అరుపులా, ఏడుపులా మారిన చోట కూడా ఆ బాణీ తునకలు ఎక్కడెక్కడ తేలుతున్నాయో పట్టుకోవచ్చు. నెరవల్‌లో ఒకే సాహిత్యపంక్తిని గాయకుడు తిప్పి తిప్పి పాడుతుంటే వినే అలవాటున్నవారికి ఇది కొత్త విద్యేమీ కాదు. ఇంప్రొవైజేషన్‌పై పుస్తకం రాసిన ఇంగ్లండు గిటారిస్టు డెరెక్ బెయిలీ కూడా దాన్ని భారతీయ సంగీతంతోనే మొదలుపెట్టాడు.

ఇక కొనుగోలు సంగతి. ఎల్పీలో చివరి పాట అయిపోయాక, లేబుల్‌కూ గాడులకూ మధ్య ఒక నున్నని వలయం మిగులుతుంది. దాన్ని రన్ఔట్ అంటారు. అట్ట అబద్ధం చెప్పవచ్చు, లేబుల్ కూడా చెప్పవచ్చు, రన్ఔట్‌లో గీసిన అంకెలు, గుర్తులు అబద్ధం చెప్పడం అరుదు. దీనికి శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 'అసెన్షన్' మంచి ఉదాహరణ. 1965 జూన్ 28న తనతో కలిపి 11 మంది వాద్యకారుల బృందంతో కోల్ట్రేన్ ఈ కృతిని రెండుసార్లు పూర్తిగా వాయించాడు. ఇంపల్స్ సంస్థ వాటిలో ఒక టేకుతో రికార్డు విడుదల చేసింది. తర్వాత ఇంకో టేకే మేలైనదని కోల్ట్రేన్ అనుకోవడంతో, అవే అట్టల్లో ఆ టేకు ఉన్న ప్రతులు వచ్చాయి. ఆ మార్పు తెలియజేసేది రన్ఔట్‌లో గీసిన 'ఎడిషన్ 2' అన్న గుర్తు. చెవితోనూ పోల్చుకోవచ్చు: చివరి భాగంలో ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ ఒంటరిగా మోగితే అది మొదట విడుదలైన టేకు. నేను ఒకసారి అట్ట పాతదనాన్ని నమ్మి, మొదట విడుదలైన టేకు అనుకుని, రన్ఔట్ ఫోటో అడగకుండా కొన్నాను. ఇంటికి వచ్చాక టార్చి వేసి చూస్తే ఆ గుర్తు స్పష్టంగా కనబడింది. కోల్ట్రేన్ కోరుకున్న టేకే దక్కిందని సర్దిచెప్పుకున్నాను గాని, అప్పటినుంచి రన్ఔట్ ఫోటో పంపనివారి దగ్గర ఏదీ కొనడం లేదు.

బ్లూ నోట్ అనే సంస్థ రికార్డుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఎరిక్ డాల్ఫీ 'ఔట్ టు లంచ్' వంటి 1964 నాటి రికార్డు తొలి ముద్రణ అయితే, రన్ఔట్‌లో రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ ముద్రతో పాటు చెవి ఆకారంలో ఒక చిన్న గుర్తు ఉండాలి. ఆ చెవి రికార్డులు అచ్చుపోసిన ప్లాస్టీలైట్ అనే కర్మాగారానిది. 1966 తర్వాత అచ్చయిన ప్రతుల్లో వాన్ గెల్డర్ ముద్ర కనిపించినా చెవి కనిపించదు. అమ్మేవారు కొందరు ముద్ర ఒక్కటే చూపి తొలి ముద్రణ ధర అడుగుతారు. అలాగని తొలి ముద్రణ కోసం ఇల్లు తాకట్టు పెట్టనక్కర లేదు. అసలు టేపుల నుంచి కెవిన్ గ్రే మాస్టరింగ్ (అచ్చుకు ముందు ధ్వనిని సిద్ధం చేసే పని) చేస్తున్న బ్లూ నోట్ టోన్ పోయెట్ వరుస వంటి కొత్త ముద్రణలు వినడానికి చాలా బాగుంటాయి. ఐరోపాలో 1963కు ముందు విడుదలైన రికార్డింగులపై హక్కులు తీరిపోవడంతో, అసలు టేపుల ముఖం చూడని చవక ఎల్పీలు మాత్రం గుట్టలుగా వస్తున్నాయి. అట్టమీద మాస్టరింగ్ ఎవరు చేశారో, దేని నుంచి చేశారో ఒక్క మాటా లేకపోతే వాటిని వదిలేయడం ఉత్తమం.

వాడిన రికార్డుల స్థితిని నియర్ మింట్ (దాదాపు కొత్తది), వీజీ ప్లస్, వీజీ (వెరీ గుడ్), గుడ్ అనే తరగతుల్లో చెబుతారు. పేరుకు గుడ్ అయినా ఆ తరగతి రికార్డు వినడం కష్టం. ఈ సంగీతానికి సంబంధించి ఇక్కడ ఒక మెళకువ ఉంది. 1968లో ఇంగ్లండులో స్పాంటేనియస్ మ్యూజిక్ ఎన్‌సెంబుల్ చేసిన 'కార్యోబిన్'లో అయిదుగురు వాద్యకారులు చుక్కలు చుక్కలుగా, నిశ్శబ్దాన్ని తాకీ తాకనట్టు వాయిస్తారు. అక్కడ ఒక చిన్న గీత కూడా ఆరో వాద్యకారుడై కూర్చుంటుంది. అదే ఏడాది జర్మనీలో పీటర్ బ్రాట్స్‌మన్ ఎనిమిదిమందితో చేసిన 'మెషిన్ గన్'లో మూడు శాక్సఫోన్లు, రెండు డ్రమ్ సెట్ల హోరు ముందు సన్నని చిటపటలు వినిపించవు. కాబట్టి డబ్బు పరిమితంగా ఉన్నవారు నెమ్మది రికార్డులకు నియర్ మింట్ ప్రతినే పట్టుబట్టి, హోరు రికార్డులకు వీజీతో సరిపెట్టుకోవచ్చు. రెండింటిలోనూ శాక్సఫోన్ పట్టుకున్నవాళ్ళలో ఇవాన్ పార్కర్ ఉన్నాడు. రెంటినీ ఒకే సాయంత్రం వింటే ఆ మనిషి చెవి ఎంత విశాలమో తెలుస్తుంది.

దుకాణంలో చూసేటప్పుడు రికార్డును ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి. వెంట్రుకల వంటి గీతలు చాలావరకు వినిపించవు. గాడులకు అడ్డంగా లోతుగా పడిన గీత మాత్రం తప్పక వినిపిస్తుంది; ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది కాబట్టి, ఆ టిక్కు సరిగ్గా 1.8 సెకండ్లకు ఒకసారి పడుతుంది. తాళం లేని సంగీతంలో ఎవరూ అడగని ఈ తాళం ఎంత చికాకు పెడుతుందో ఒకసారి విన్నవారికి మరి చెప్పనక్కర లేదు.

కడగడానికి కుళాయి నీళ్ళు వాడకూడదు. మన ఊళ్ళలో చాలాచోట్ల నీళ్ళలో లవణాలు ఎక్కువ, ఆరిన తర్వాత గాడుల్లో తెల్లని పొర మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో మెత్తని గుడ్డ తడిపి గాడుల వెంబడి తుడవాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు లక్కతో చేసినవి కాబట్టి వాటికి స్పిరిట్ తగలనివ్వకూడదు. ఎల్పీలు చేసే వినైల్ ప్లాస్టిక్‌కు వేడి పడదు. విజయవాడ మే నెల ఎండలో కారు వెనుక సీటుమీద అరగంట వదిలిన ఎల్పీ అప్పడంలా వంగిపోతుంది. రికార్డులను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగా, ఒరిగిపోకుండా నిలబెట్టాలి. పైకవర్లు పీవీసీవి కాకుండా పాలిథీన్‌వి ఎంచుకోవాలి, ఎందుకంటే పీవీసీ కవర్లు ఏళ్ళు గడిచేకొద్దీ రికార్డుమీద మసక పొరను వదులుతాయి. వానాకాలంలో, ముఖ్యంగా సముద్రతీరపు ఊళ్ళలో, అట్టలకు బూజు పడుతుంది కాబట్టి బయటి గోడకు ఆనించిన బీరువాలో పెట్టకూడదు.

చివరగా ప్రతి అట్టలోనూ ఒక చీటీ ఉంచుకోవడం నాకు బాగా ఉపయోగపడింది. దానిమీద రన్ఔట్ అంకెలు, కొన్న తేదీ, ఎడమవైపు ఎవరు, కుడివైపు ఎవరు, విన్న తేదీలు రాస్తాను. నా 'ఫ్రీ జాజ్' చీటీమీద మొదటి తేదీ పక్కన 'సగంలో ఆపేశాను' అని ఉంది, దాని కింద మరో పదకొండు తేదీలు ఉన్నాయి.