క్రికెట్ దోస్తును ఫుట్‌బాల్ ముందట ఎట్ల కూసోవెట్టాలె

మా హన్మకొండల పొద్దుమీకి ఏ గ్రౌండ్ దిక్కు పోయినా టెన్నిస్ బాల్ క్రికెటే, ఫుట్‌బాల్ పోరలు ఓ మూలకు ఉంటరు. దోస్తును పిలిచి టీవీల మంచి మ్యాచ్ పెడితే పావుగంటకు ఫోన్ తీస్తడు, "ఏందిరా, ఒక్క గోల్ గూడ పడ్తలేదు" అంటడు. నేను ఇప్పటిదాంక ముగ్గుర్ని కూసోవెట్టిన, ఎట్లనో రాస్తున్న.

ముందుగాల అమెరికా ముచ్చట తెలుసుకోండ్రి, మనకు పనికొస్తది. మా బావ డల్లాస్ల ఉంటడు, ఆయన ఆఫీసోళ్ళు సాకర్ (ఆడ ఫుట్‌బాల్‌ను గిట్లనే అంటరు) గురించి అచ్చం మనోళ్ళ లెక్కనే మాట్లాడ్తరట, గంటన్నర చూసినంక 0-0, గెలిచినోడు లేడు ఓడినోడు లేడు అని. వాళ్ళు పెరిగిందే ఆగి ఆగి ఆడే ఆటల మీద. ఎన్‌ఎఫ్‌ఎల్ (చేతుల బంతి వట్టుకొని ఆడే అమెరికా ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్ మూడు గంటలు నడిస్తే అండ్ల బంతి ఆటల ఉండేది పావుగంట గూడ ఉండదు, మిగతదంత రీప్లే, యాడ్లు, తర్వాత ఏం జేస్తరో అని ముచ్చట. బేస్‌బాల్ గూడ అంతే. మన క్రికెట్ల బాల్‌కు బాల్‌కు నడుమ చాయ్ తాగొచ్చు, ఫీల్డ్ ఎట్ల పెట్టిండో చూడొచ్చు. గట్ల అలవాటైన కన్ను ఆగని ఆట ముందట కూసుంటే ఎక్కడ చూడాల్నో తెల్వక అలిసిపోతది, దాన్నే మనం బోర్ అంటున్నం.

మరి అమెరికావోళ్ళు ఏం చేసిన్రు? 1996ల ఎంఎల్‌ఎస్ అనే సాకర్ లీగ్ మొదలుపెట్టి ఆటనే మార్చిన్రు. గడియారం 45 నిమిషాల కాడికెంచి సున్నాకు ఉల్టా లెక్కవెట్టేటట్టు చేసిన్రు, డ్రా తీసేసి 35 గజాల కాడికెంచి ఒక్కడే బంతి ఉరికించుకుంట పోయి గోలీ (గోల్‌కీపర్) మీద కొట్టే షూటౌట్ పెట్టిన్రు. ఆట తెలిసినోళ్ళకు నచ్చలే, 1999 సీజన్ అయినంక రెండూ ఎత్తేసిన్రు. అందుకే మీరు గూడ గోల్స్ మాత్రమే ఉన్న హైలైట్స్ చూపించి అలవాటు చేద్దామనుకోకుండ్రి, తర్వాత ఫుల్ మ్యాచ్ చూస్తే ఇంకింత బోర్ కొడ్తది.

డ్రా కాడ మనకు అమెరికావోళ్ళకన్న సులువు, నేను ఎప్పుడూ ఈడికెంచే షురూ చేస్త. ఆస్ట్రేలియా మీద మనోళ్ళు డ్రా చేసిన 2021 సిడ్నీ టెస్ట్ యాది చెయ్యండ్రి. విహారికి తొడ కండరం పట్టేసింది, అశ్విన్‌కు నడుము నొప్పి, అయినా సాయంత్రం దాంక నిలవడి మ్యాచ్ కాపాడిన్రు. విహారి 161 బాల్స్ ఆడి 23 రన్స్ కొట్టిండు. ఆ రోజు ఊపిరి బిగవట్టి చూసినోనికి, చిన్న టీమ్ పెద్ద టీమ్ ఇంటికి పోయి 0-0 తోని వస్తే అండ్ల ఏమున్నదో రెండు మాటలల్ల చెప్పొచ్చు.

మ్యాచ్ మాత్రం మంచిది ఏరుకోండ్రి. 1994 వరల్డ్ కప్‌కు అమెరికా స్టేడియాలకు 35 లక్షల మందికి పైనే వచ్చిన్రు, అంటే పెద్ద ఆటైతే వస్తరు. మన దోస్తు గూడ గంతే. ప్రీమియర్ లీగ్ శనివారం మ్యాచులు ఇంగ్లాండ్ల మధ్యాహ్నం మూడింటికైతే ఆడి ఎండకాలం మనకు రాత్రి ఏడున్నర, ఆడి చలికాలం ఎనిమిదిన్నర, తినుకుంట చూడొచ్చు. చాంపియన్స్ లీగ్ (యూరప్ల పెద్ద క్లబ్బుల టోర్నీ) ఎక్కువగ అర్ధరాత్రి దాటినంక ఉంటది, మొదటిసారే దానికి కూసోవెట్టకుండ్రి.

మ్యాచ్ షురూ అయినంక మొదటి పావుగంట బంతిని చూడొద్దని చెప్పండ్రి, ఇదే అన్నిటికన్న ముఖ్యం. నడుమ ఆడే ఒక్కన్ని చూపించి, బంతి వాని కాడ లేనప్పుడు యాడికి జరుగుతున్నడో చూడుమనండ్రి. స్లిప్ తీసి మిడ్‌వికెట్ ఎందుకు పెట్టిండో అర్థమయ్యేటోనికి ఇది తొందర్నే ఎక్కుతది, ఈడ ఫీల్డింగ్ ప్రతి సెకనుకు మారుతనే ఉంటది, చెప్పే కెప్టెన్ లేకున్నా.

ఆఫ్‌సైడ్ (పాస్ వచ్చేటప్పుడు ఆటగాడు యాడ ఉండొద్దో చెప్పే రూల్) నోటితోని చెప్తే ఎక్కదు, టేబుల్ మీద చాయ్ గ్లాసులు పెట్టి చూపించండ్రి. పాస్ కొట్టే క్షణంల, అవుతలోళ్ళ సగంల బంతి కంటే ముందట ఉన్నోనికీ గోల్ లైన్‌కూ నడుమ అవుతలోళ్ళు ఇద్దరన్న ఉండాలె, గోలీని గూడ లెక్కవెట్టాలె, రెండోవానికి సమానంగ ఉన్నా నడుస్తది. బంతి అందుకున్నప్పుడు యాడున్నడన్నది లెక్కల లేదు, ఈడనే అందరూ తప్పుతరు. త్రో, కార్నర్, గోల్ కిక్ నుంచి నేరుగ వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ లేదు.

ఇంకోటి, ఇది మనది గూడ అని చెప్పండ్రి. 1956 ఒలింపిక్స్ల నాలుగో ప్లేస్, 1962 ఏషియన్ గేమ్స్ల గోల్డ్, రెండుసార్లూ ఇండియా కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. ఇప్పుడు నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య ఇండియాకు ఆడుతున్నది. అమెరికాల గూడ 1999 మహిళల వరల్డ్ కప్ ఫైనల్‌కు 90 వేల మంది వచ్చిన్రు, ఆడేది వాళ్ళ ఆడపిల్లలు గద.

మ్యాచ్ అయిపోయినంక నచ్చిందా అని అడగకుండ్రి. నువ్వు చూసినోడు ఎట్ల ఆడిండు అని అడగండ్రి. వాడు రెండు నిమిషాలు చెప్పగలిగితే వచ్చే శనివారం టైమ్ గప్పుడే చెప్పేయండ్రి.