తుపాను దెబ్బతిన్న ద్వీపంలో చిన్న వ్యాపారం ఆన్‌లైన్‌లో తిరిగి నిలబడడం ఎలా: డొమినికా ఉదాహరణ

2017 సెప్టెంబరు 18 రాత్రి మరియా హరికేన్ అన్నిటికన్నా తీవ్రమైన ఐదో కేటగిరీ బలంతో డొమినికాను తాకినప్పుడు, ఆ దేశ ప్రధానమంత్రి రూజ్‌వెల్ట్ స్కెరిట్ తన ఇంటి పైకప్పు ఎగిరిపోయిందని, ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయని ఫేస్‌బుక్‌లో రాశారు. సుమారు డెబ్బై వేల జనాభా గల ఆ కరీబియన్ దేశం పేరు అంతకుముందు విననివారికి ఆ మాటలే తొలి పరిచయం అయి ఉంటాయి. నష్టం 2016 నాటి స్థూల దేశీయోత్పత్తికి 226 శాతమని తరువాత లెక్క తేలింది. పైకప్పు మళ్లీ వేసుకున్నా, కూలిన ఇళ్ల ఫోటోలు ఇంటర్నెట్‌లో అలాగే మిగిలిపోతాయి. వాటి పక్కన మీ తాజా పరిస్థితిని పెట్టవలసింది మీరే. అక్కడి ఆరు గదుల గెస్ట్‌హౌస్ యజమానిని దృష్టిలో పెట్టుకుని, ఈ పనులను చేయవలసిన వరుసలో రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఖాతాల తాళాలు మీ చేతికి రావాలి. గూగుల్‌లో లాగిన్ కావాలంటే వచ్చే కోడ్ వరదలో పోయిన ఫోన్‌కే వెళుతుంది, బుకింగ్ సైటు పాస్‌వర్డ్ తడిసి పాడైన కంప్యూటర్‌లోనే ఉంటుంది, సిమ్ మళ్లీ తీసుకుందామంటే దుకాణమే తెరిచి ఉండదు. అందువల్ల ఫోన్ లేకపోయినా లాగిన్ కావడానికి గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితంపై ముద్రించి, నీరు చొరని కవరులో పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోవాలి. ద్వీపం బయట ఉన్న నమ్మకస్తుడైన బంధువును మీ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు (గూగుల్ వెతుకులాటలో, మ్యాపుల్లో మీ వ్యాపారం గురించి కనిపించే వివరాలు), ఫేస్‌బుక్ పేజీకి రెండో నిర్వాహకుడిగా చేర్చాలి. మీకు సిగ్నల్ లేని రోజుల్లో ఆయనే మీ గొంతు. అట్లాంటిక్ హరికేన్ కాలం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి, మే నెలలోనే ఇది పూర్తి కావాలని నా గట్టి అభిప్రాయం.

ఖాతాల్లోకి వెళ్లగలిగిన వెంటనే ముందుగా షెడ్యూలు చేసిన పోస్టులను, నడుస్తున్న ప్రకటనలను ఆపేయండి. పక్కింటివారు నిలువ నీడ లేక ఉన్న వారంలో మీ పేజీలో సూర్యాస్తమయం ఆఫరు కనిపించడం వారి మనసుకు తగిలే గాయం. తరువాత గూగుల్ ప్రొఫైల్‌లో ‘తాత్కాలికంగా మూసివేయబడింది’ అని గుర్తు పెట్టండి. కంగారులో ‘శాశ్వతంగా’ అన్నదానిని ఎంచుకుంటే, మీరు ఇక లేరని పాత అతిథులు కూడా అనుకుంటారు. బుకింగ్ సైట్లలో బాగుకాని గదుల తేదీలను మూసివేయాలి. లేని గదికి డబ్బు కట్టించుకుని తరువాత క్షమాపణ చెప్పడం కన్నా ఇది ఎంతో మేలు.

ఇక చెప్పవలసిన సమాచారం విషయం. ‘మేము తెరిచాం’ అనే ఒక్క మాట ఎవరినీ నమ్మించదు. ప్రతి ఫోటో కింద తీసిన తేదీ ఉండాలి, ఏది పనిచేస్తోందో ఏది పనిచేయడం లేదో పక్కపక్కనే ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: ‘ఈ ఫోటో మార్చి 12 ఉదయం తీశాం. ఆరు గదుల్లో నాలుగు సిద్ధంగా ఉన్నాయి. కరెంటు జనరేటరు మీద సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఉంటుంది. వేడి నీళ్లు ఇంకా లేవు. రాజధాని రోసో నుంచి మా దాకా దారి తెరుచుకుంది.’ వేడి నీళ్లు లేవని ఒప్పుకున్నారు కాబట్టే మిగతావన్నీ చదివేవారు నమ్ముతారు. చెట్ల ఆకులన్నీ రాలిపోయిన కొండ ముందు పాత పచ్చని ఫోటో పెడితే, వచ్చిన అతిథి మొదటి సమీక్షలోనే ఆ సంగతి రాస్తాడు. ఇరుగుపొరుగు వారి కూలిన ఇళ్లను వారి అనుమతి లేకుండా చూపించకండి.

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ప్రకటన ఎవరికి చేరాలన్నది జాగ్రత్తగా ఆలోచించాలి. డొమినికాకు ఉత్తరాన గ్వాడెలూప్, దక్షిణాన మార్టినిక్ ఉన్నాయి, రెండూ ఫ్రెంచి మాట్లాడే ద్వీపాలు, పడవలో రాగలిగినంత దగ్గర. దూరదేశాల విమానాల కోసం ఎదురుచూడకుండా, ఆ రెండు ద్వీపాల వారికి ఫ్రెంచిలో చిన్న ప్రకటన ఇవ్వడమే మంచిదని నేను అనుకుంటాను. పేరు వల్ల ఈ దేశానికి ఒక ప్రత్యేకమైన చిక్కు కూడా ఉంది: చాలామంది దీనిని డొమినికన్ రిపబ్లిక్‌తో కలిపేసుకుంటారు. గూగుల్ ప్రకటనల్లో ‘రిపబ్లిక్’, ‘పుంటా కానా’ (డొమినికన్ రిపబ్లిక్‌లోని బీచ్ పట్టణం) వంటి పదాలను నెగటివ్ కీవర్డులుగా, అంటే ఆ పదాలతో వెతికేవారికి మీ ప్రకటన కనిపించకుండా చేసే పదాలుగా, చేర్చకపోతే, అక్కడి బీచ్ రిసార్టు కోసం వెతికేవారి క్లిక్కులకు మీ డబ్బు ఖర్చవుతుంది. మీ పేజీ శీర్షికలో మాత్రం ‘బాయిలింగ్ లేక్’ (మరిగే సరస్సు), ‘వైటుకుబులి కాలిబాట’ వంటి ఈ ద్వీపానికే చెందిన పేర్లను ఉంచండి.

ఇప్పటికే గది బుక్ చేసుకున్నవారికి గుంపు మెయిల్ పంపకండి. ఒక్కొక్కరికి పేరు పెట్టి వాట్సాప్‌లో రాసి, రద్దు చేసుకోవడానికి బదులు తేదీ మార్చుకోమని అడగండి. కొత్త తేదీని, కట్టిన సొమ్మును అదే సందేశంలో స్పష్టంగా తిరిగి రాయండి. డబ్బు వెనక్కి కోరినవారికి ఎప్పటిలోగా ఇవ్వగలరో చెప్పి, ఆ తేదీకి ఇచ్చేయండి.