పాత మోటర్‌బోట్ డ్రైవ్‌కు పార్టు చేయించే ముందు

పాత డ్రైవ్‌కు, అంటే ఇంజిన్ శక్తిని ప్రొపెల్లర్‌కు అందించే భాగానికి, స్పేర్ పార్టు ఎక్కడా దొరకనప్పుడు లేత్ మీద చేయించుకోక తప్పదు. అయితే కొలత కుదిరితే చాలనుకోకండి, పార్టు ఎన్నాళ్లు నిలుస్తుందో లోహమే తేలుస్తుంది.

డ్రైవ్ బాడీ ఎక్కువగా అల్యూమినియంతోనే ఉంటుంది. దానికి స్టెయిన్‌లెస్ బోల్టు వట్టిగా బిగించి ఉప్పునీళ్లలో దింపితే తినుకుపోయేది బోల్టు కాదు, బాడీ. బోల్టు తళతళలాడుతూనే ఉంటుంది, చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటుంది. విప్పబోతే బాడీలోని మరలు కూడా ఊడి వస్తాయి. కాబట్టి బిగించే ముందే మరలకు తుప్పు నిరోధక పేస్టు పట్టించండి. గ్రాఫైట్ గానీ రాగి గానీ కలిసిన గ్రీజు మాత్రం వద్దు. మామూలు ఇత్తడి బుష్ (షాఫ్ట్ తిరిగే చోట వేసే గొట్టం లాంటి ముక్క) కూడా వద్దు. సముద్రపు నీటిలో దాని జింకు కరిగిపోయి గులాబీ రంగు గుల్ల మిగులుతుంది. కంచు నిలుస్తుంది. స్టెయిన్‌లెస్ కావాలంటే 304 గ్రేడు కన్నా 316 గ్రేడు మేలు.

అరిగిన పార్టును కొలిచి ఇస్తే అరుగుదలతో సహా తయారై వస్తుంది. అరగని చోట మైక్రోమీటర్ పెట్టండి. బేరింగ్ మీది నంబరు ఇంకా నమ్మకమైన ఆధారం: 6205 అని ఉంటే లోపలి వ్యాసం 25 మి.మీ., బయటిది 52, వెడల్పు 15. షాఫ్ట్, హౌసింగ్ (బేరింగ్ కూర్చునే గూడు) అసలు సైజులు అక్కడే దొరుకుతాయి.

షాఫ్ట్ మీద ఆయిల్ కారకుండా, నీరు చేరకుండా ఆపే సీల్ ఆనే చోటును తప్పకుండా గ్రైండింగ్ చేయించండి. లేత్ టూలు వదిలిన సన్నటి గీతలు స్క్రూ మరలా పనిచేసి ఆయిల్‌ను బయటికి తోడేస్తాయి. కీవే (షాఫ్ట్‌లో కీ కూర్చునే గాడి) మూలలు పదునుగా ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది, కాస్త గుండ్రంగా వదలమని చెప్పండి.

ప్రొపెల్లర్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే షియర్ పిన్ తరచూ తెగుతోందని గట్టి స్టీలుతో చేయించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ప్రొపెల్లర్ రాయిని కొట్టినప్పుడు తెగడమే దాని పని, అది తెగకపోతే ఆ దెబ్బ గేర్లకు తగులుతుంది. గేర్లను మామూలు వర్క్‌షాపులో చేయించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా లేని పళ్లు ఎంతోకాలం ఆగవు.

పాత గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకకుండా తడిపి తీయండి. లేత్ మీద చేతికి గ్లౌజులు వద్దు, చిక్కుకుంటే చేతినే లాగేస్తుంది.

ఆయిల్ పోసే ముందు మాన్యువల్‌లో చెప్పిన ప్రెషర్‌కు గాలి పట్టి, సీళ్లూ అతుకులూ సబ్బునీళ్లతో తడపండి. బుడగ లేస్తే అక్కడే విప్పి సరిచేయండి. మొదటి రన్ తర్వాత ఆయిల్ కొంచెం తీసి చూడండి. పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరినట్టే, సీల్ మార్చేదాకా బోటు మళ్లీ నీళ్లలోకి దింపొద్దు.