బిట్‌కాయిన్ అంత కరెంట్ ఎందుకు తాగుతాది? ఫోన్‌లోనే చేసి చూడండి

మా బావమరిది మైనింగ్ మిషన్ (బిట్‌కాయిన్లు సంపాదించే కంప్యూటర్) కొని తిరుపతిలో మా మేడమీద పెడదాం బావా అని ఒకటే పోరు. సరే ముందు ఇది చెయ్యి అన్నా, మీరూ చెయ్యండి.

ఏ మాటనైనా 64 అక్షరాల గీతగా మార్చే లెక్క ఒకటుంది, పేరు షా-256. ఫోన్‌లో షా-256 క్యాలిక్యులేటర్ అని వెతికితే ఫ్రీవి బోలెడు వస్తాయి. అందులో "అలిపిరి 1" అని కొట్టండి, 64 అక్షరాల పిచ్చి గీత ఒకటి వస్తాది. "అలిపిరి 2" కొడితే పాతదానికి దీనికి పోలికే ఉండదు. ఆ గీత సున్నాతో మొదలయ్యేదాకా నంబర్ మారుస్తా పోండి, సగటున 16 సార్లు కొట్టాల, రెండు సున్నాలు కావాలంటే 256 సార్లు, మూడైతే 4096, అడ్డదారి లేదు. మావాడు రెండో సున్నాకే ఫోన్ పక్కన పడేసినాడు.

దొరికిన నంబర్ పక్కనోళ్ళకి ఇవ్వండి, ఒక్కసారి కొట్టి కరెక్టో కాదో చెప్పేస్తారు. మైనింగ్ అంటే ఇంతే, లావాదేవీలు రాసిన ఒక్కో పేజీకి (దాన్నే బ్లాక్ అంటారు) ఇట్లాంటి నంబర్ ముందు కనుక్కున్నోడికి బిట్‌కాయిన్లు. కనుక్కోడానికి చచ్చేంత కరెంట్, చెక్ చేసుకోడానికి క్షణం.

ఇప్పుడు "అలిపిరి"లో ఒక్క అక్షరం మార్చండి, పడిన కష్టమంతా గంగపాలు. ప్రతి బ్లాక్‌లో ముందు బ్లాక్ గీత ఉంటాది కాబట్టి పాత లెక్క దిద్దాలనుకునే దొంగ అక్కడినుంచి అన్నీ మళ్ళీ చెయ్యాల, మనకన్నా ముందు నడక మొదలుపెట్టినోళ్ళని 3550 మెట్లలో కిందనుంచి పట్టుకోవాల్సి వచ్చినట్టు, వాళ్ళేమో ఆగరు. కరెంట్ తక్కువ కాలే కాయిన్లలో ఈ దొంగతనం నిజంగానే జరిగింది, 2018లో బిట్‌కాయిన్ గోల్డ్, 2019లో ఒకసారి, 2020లో మళ్ళీ ఈథీరియం క్లాసిక్. అసలు ఈథీరియం 2022 సెప్టెంబర్‌లో మైనింగే మానేసింది, అక్కడ కరెంట్ బదులు 32 ఈథర్ (ఈథీరియం కాయిన్లు) డిపాజిట్ కట్టాల, తప్పు చేస్తే అందులో కోత.

ఇంక ఇంటి లెక్క. ఆంట్‌మైనర్ ఎస్21 అనే మైనింగ్ మిషన్ సుమారు 3500 వాట్లు, అంటే రోజుకి 84 యూనిట్లు, నెలకి 2520. యూనిట్ పది రూపాయలనుకున్నా 25,200, మన ఎండలకి ఏసీ దానిమీద. మిషన్లు ఎక్కువైతే బిట్‌కాయిన్లు ఎక్కువ వస్తాయనుకునేరు, 2016 బ్లాకులకోసారి నంబర్ కనుక్కునే కష్టం దానంతటదే సర్దుకుంటాది, బ్లాక్‌కి పది నిమిషాల లెక్క అట్లే ఉంటాది. లాభంమీద 30 శాతం ట్యాక్స్, ఈ కరెంట్ బిల్లు ఖర్చు కింద చూపించుకోడానికి కూడా కుదరదు.

సోలార్ ఐతే ఫ్రీ కదా బావా అంటాండాడు ఇప్పుడు. కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్లు వేసుకున్నా 21 కిలోవాట్ల ప్యానెల్స్ కావాల, మా మేడ పట్టదు.