మన వైజాగ్‌లో మైనారిటీ బడికి గవర్నమెంటు డబ్బు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

పాతూరులో ఒక చిన్న బడి కమిటీ కోసం రెండేళ్ళు ఫైళ్ళు మోశాను, ఆ అనుభవంతో రాస్తున్నా. చర్చి బడైనా మదర్సా అయినా అందరూ అనుకునేది ఒకటే, మైనారిటీ సర్టిఫికెట్ చేతికొస్తే గ్రాంటు దానంతటదే వచ్చేస్తుందని. రాదండి బాబూ. రాజ్యాంగం 30(2)లో ఉన్నదల్లా, సాయం ఇచ్చేటప్పుడు మైనారిటీ మేనేజ్‌మెంట్ కదా అని తేడా చూపించకూడదని, అంతే. ఆ సాయం (ఎయిడ్) అడగడం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పేసింది కూడా.

ముందు బీరువాలోంచి బడి నడిపే సొసైటీ బైలాస్ (నియమావళి) తీసి చదవండి. సొసైటీ పెట్టింది మన కమ్యూనిటీ చదువు కోసం అని ఆశయాల్లో స్పష్టంగా రాసుందా? మా దాంట్లో "సకల వర్గముల బాలబాలికల విద్యాభివృద్ధికై" అని ఉంది, పెద్దలు ఎంత చక్కగా రాశారో అనుకున్నాం, ఫైలు సరిగ్గా ఆ లైను దగ్గరే తిరిగొచ్చింది. మళ్ళీ జనరల్ బాడీ మీటింగు, తీర్మానం, రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరుగుడు. పైగా కమిటీ లిస్టులో ట్రెజరర్‌గా ఉన్న తాతగారు పోయి అప్పటికి నాలుగేళ్ళు, లిస్టు మాత్రం మార్చలేదు ఎవరూ. కాబట్టి ఏటా లిస్టు ఫైల్ చేయండి, బద్ధకించకండి. కమిటీలో ఎక్కువ మంది మన కమ్యూనిటీ వాళ్ళే ఉండాలి, అది కూడా చూస్తారు.

ఇవి సరిచేసుకున్నాక సర్టిఫికెట్‌కి అప్లై చేయండి. 2004 చట్టంతో పెట్టిన జాతీయ మైనారిటీ విద్యా సంస్థల కమిషన్ ఢిల్లీలో ఉంది, అదిస్తుంది. ముస్లిం, క్రిస్టియన్, సిక్కు, బౌద్ధ, పార్సీ, జైన, ఈ ఆరు మతాలకే.

ఇక డబ్బు సంగతి. మదర్సా టీచర్ల జీతాలకీ, బిల్డింగులకీ కేంద్రం స్కీములు ఉండేవి, బిల్డింగుకైతే ఖర్చులో 75 శాతం, 50 లక్షలు దాటకుండా. వాటి గడువు 2022 మార్చి 31తో అయిపోయింది, అయినా ఇప్పటికీ "మీకు సాంక్షన్ చేయిస్తా, పది శాతం ఇవ్వండి" అంటూ బ్రోకర్లు తిరుగుతున్నారు, టీ ఇచ్చి పంపేయండి.

ముందునుంచీ ఎయిడ్ అందుకుంటున్న పాత ఎయిడెడ్ బడి అయితే మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, కిట్లు వస్తాయి, అవి వదులుకోకండి. ఎయిడ్ లేకపోయినా గుర్తింపు ఉంటే మీ పిల్లల తల్లులకి రాష్ట్ర ప్రభుత్వ తల్లికి వందనం సాయం వస్తుంది, 2025లో 15 వేల లెక్కలో 13 వేలు అమ్మ ఖాతాలో పడ్డాయి. దానికి బడి వాళ్ళు చేయాల్సింది 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ఉండే గవర్నమెంటు నంబరు) కింద పిల్లల వివరాలు కరెక్ట్‌గా ఎక్కించడం. ఆధార్‌లో "షేక్" ఉండి రిజిస్టర్‌లో "ఎస్‌కే" అని ఉంటే ఎన్ని తిప్పలో మాకు తెలుసు, అడ్మిషన్ రోజే ఆధార్ చూసి రాసుకోండి.

ఎయిడ్ తీసుకుంటే రూల్స్ కూడా వస్తాయి మరి. రాజ్యాంగం 29(2) ప్రకారం మతం, కులం పేరు చెప్పి సీటు లేదనకూడదు. 28(3) ప్రకారం పిల్లల్ని ప్రార్థనకో బైబిల్ క్లాసుకో, దీనియాత్‌కో (ఇస్లాం మత పాఠం) కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి (ఎయిడ్ లేకుండా ఉత్త గుర్తింపే ఉన్న బడికీ ఇది వర్తిస్తుంది, చాలామందికి తెలీదు). నోటిమాట చాలదు, అడ్మిషన్ ఫారం వెనకాల నాలుగు లైన్లు తెలుగులో ప్రింట్ చేయించి సంతకం పెట్టించుకోండి, మేం అలాగే చేశాం.

డబ్బు పడ్డాక దాన్ని వేరే ఖాతాలోనే ఉంచండి, ట్రస్టు చందాలతో కలిపేస్తే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం) ఇచ్చే టైంకి ఆడిటర్ గారు తల పట్టుకుంటారు. ఆఫీసుకి ఏ లెటర్ ఇచ్చినా కాపీ మీద స్టాంపూ తేదీ వేయించుకునే బయటికి రండి, మా ఫైలు ఒకసారి "అసలు రానేలేదు" అన్నప్పుడు మమ్మల్ని కాపాడింది ఆ నీలం స్టాంపే.